దీపం వేళ తెరవని పాట

ఒకే పానవట్టంపై రెండు లింగాలుగా వెలసి, గోదావరి తీరాన కొలువైన కాళేశ్వర ముక్తేశ్వరులకు సాష్టాంగ ప్రణామం. మరుగున ఉన్న సత్యాన్ని చూడగల బుద్ధిని ఆ స్వాములు మాకు ప్రసాదింతురు గాక.

జనగామలో ఒక గొంతు మాయమైంది.

ఆ గొంతు గట్టమ్మది. ఒకప్పుడు గంగారం పొలాల్లో నాట్ల వేళ ఆమె పాట ఎత్తుకుంటే, పదిమంది చేతులు ఆ పాట వెంట నడిచేవి. గొంతులో గడ్డకు ఆపరేషన్ జరిగాక ఆమెకు మాట పోయింది. అంతకుముందే మనుమరాలు మనీషా ఫోన్‌లో రికార్డు చేసిన ఏడు పాటలే మిగిలాయి. తరువాత ఆ ఫోనూ పాడైంది. పాటలు ఇంట్లోని పాత ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉన్నాయి.

ఇప్పుడు వాటిలో ఆరు చెడిపోయాయి. చరణం మధ్యలో కీచుమనే శబ్దం. అది రోజురోజుకూ పెరుగుతోంది.

మనీషా ఫిర్యాదు చేసింది. సైబర్ విభాగం ఎస్సై శశికళకు ఈ కేసు తలనొప్పిగా మారింది.

మనీషా మొదట అనుమానించింది భూపాలపల్లి అరుణ్‌ను. తన యూట్యూబ్ ఛానెల్‌కు పాటలు అడిగాడు. ఇవ్వనంటే తిట్టాడు. శశికళ అంతదూరం వెళ్లి విచారించింది. అతడు జనగామకే రాలేదు. ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్టే లేదు. ప్రయాణం వృథా.

రెండవ అనుమానితుడు మహబూబాబాద్‌లో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే హన్మంతు. శశికళ అతన్ని మనీషా ఇంటికే పిలిపించింది.

"ఎన్నిసార్లు బాగుచేసినవ్?"

"రెండుసార్లు మేడం. లోపలి మెమొరీ స్టిక్, గదే ర్యామ్, మార్చిన. మల్ల మార్చిన. ఇగ నన్నే మార్చాలె!"

"పాటలు నువ్వే ఖరాబ్ చేసినవని మనీషా అంటున్నది."

"పాటలతోని నాకేం పని మేడం? గవి అమ్మితే చాయ్ పైసలు గూడ రావు."

"మా అవ్వ పాట నీకు చాయ్ పైసలా?" మనీషా గయ్యిమంది.

"జర ఆగుండ్రి ఇద్దరు!"

శశికళ విసుగ్గా ల్యాప్‌టాప్ తెరిచింది. మూతపై దసరా నాటి కుంకుమ బొట్టు ఇంకా ఉంది. రెండు నిమిషాలకే తెర నీలంగా మారి ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేసింది. మళ్లీ ఆగింది. ఆమె పళ్లు కొరికింది.

గట్టమ్మ గోడకు ఆనుకుని కూర్చుని చూస్తోంది.

"ఆరు చెడినయ్. ఏడోది?" శశికళ మనీషాను అడిగింది.

"గది మంచిగనే ఉండి ఉంటది మేడం. చూడలె."

"చూడలేదా? ఎందుకు?"

"గది సావు పాట. ఊర్ల ఎవలన్న పోతే అవ్వ ఏడ్చుకుంట పాడేది. దీపం ముట్టిచ్చే యాళ్ల సావు పాట పెడ్తరా ఎవలన్న?"

శశికళ తల ఎత్తింది.

"దీపం వేళ రోజూ ఏం చేస్తవ్?"

"దీపం ముట్టిచ్చి, పాటలు కోసి అతికే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ల ఆరు పాటలు తెరుస్త. అవ్వకు వినిపిస్త. పోకుంట ఉండాలెనని సేవ్ కొడ్త."

"రోజూ?"

"ఒక్కనాడు గూడ తప్పలె."

శశికళ హన్మంతు వైపు తిరిగింది. "స్టిక్ తీసెయ్."

"తీస్తె ఎట్ల మేడం?"

"తియ్యి."

అతడు వెనుక మూత విప్పి స్టిక్ తీశాడు. స్టిక్ లేకుండానే ల్యాప్‌టాప్ ఆన్ అయింది. శశికళ తన పెన్‌డ్రైవ్ పెట్టి మెమొరీ టెస్ట్ నడిపింది. తెర నిండా తప్పులు చూపే ఎర్రని గీతలు.

హన్మంతు నుదురు కొట్టుకున్నాడు. "అరె! బోర్డుకే అతికిచ్చిన చిప్ గూడ ఉన్నదా దీన్ల! స్టిక్కే అనుకున్న."

"అదే దొంగ. తెరిచిన పాట ముందు మెమొరీలకు పోతది. అక్కడ చెడుతది. ఉత్తగ విని మూసేస్తే నష్టం లేదు. సేవ్ కొట్టినప్పుడల్లా చెడిన పాట మంచి పాట మీద పడ్డది. తెరవని పాట ఒక్కటే బతికింది."

మనీషా ముఖం పాలిపోయింది. "అంటే... నేనేనా?"

ఆమె హన్మంతు వైపు తిరిగింది.

"చిప్ మారిస్తే పాటలు వస్తయా అన్నా?"

హన్మంతు తల అడ్డంగా ఊపాడు. "బోర్డు పాతదైంది, దొరకది. దొరికినా, చెడిన పాటలు తిరిగి రావు బిడ్డా."

చిప్‌కు బేడీలు వేయలేని అసహనంతో శశికళ పాత ల్యాప్‌టాప్‌లోని డిస్క్ విప్పించి, తన ల్యాప్‌టాప్‌కు తగిలించింది. ఏడవ పాట కనిపించింది.

దేవుని గూట్లో అప్పటికే దీపం వెలుగుతోంది. మనీషా సందేహించింది. గట్టమ్మ లేచి వచ్చి, తానే వేలితో మీట నొక్కింది.

గొంతు వచ్చింది. కీచు లేదు. ఒక్క అక్షరం తెగలేదు. పోయినవారిని పేరుపేరునా పిలిచే ఆ పాటకు గట్టమ్మ పెదవులు శబ్దం లేకుండా కదిలాయి.

పాట ముగిసింది. అలవాటుగా మనీషా చేయి సేవ్ మీదకు వెళ్లింది.

గట్టమ్మ ఆ మణికట్టును గట్టిగా పట్టుకుంది.

ఈ కథ విన్నవారి ఇంట దీపం చల్లగా వెలుగు గాక. ప్రేమించినవారి గొంతు వారి చెవులను ఎన్నడూ వీడకుండు గాక. సర్వులకూ శుభం కలుగు గాక.