కల్నల్ కార్డు

గుడివాడలో నతానియేలును పొడిచి చంపినవాళ్ళు బీరువా ముట్టుకోలేదు. ఆల్బమ్‌లోంచి ఒకే ఒక్క ఫోటో పట్టుకుపోయారు.

అరచేతిలో ఇమిడే అట్టముక్క. 1861లో ఎవరో కల్నల్ కత్తి పట్టుకుని తీయించుకున్నది. అలాంటి పాత సైనికాధికారుల ఫోటోలు ఇరవై ఏళ్ళుగా సేకరిస్తున్నాడు నతానియేలు. వేరెవరికో వెళ్ళాల్సిన ఈ కార్డు పొరపాటున అతని పార్శిల్‌లో వచ్చింది. చిన్ననాటి స్నేహితుడు, ఇంటెలిజెన్స్ ఏజెంట్ ఫణీంద్రకు ఫోన్ చేశాడు.

"బావా, ఫోటోకీ అట్టకీ మధ్య ఏదో ఉంది. తొందరగా రా."

ఫణీంద్ర వచ్చేసరికి నతానియేలు ఒళ్ళు చల్లబడిపోయింది. తెరుచుకునే ఉన్న ఆ కళ్ళు తనే మూశాడు.

చీఫ్ ఫోన్‌లో క్లుప్తంగా చెప్పాడు. "అది మైక్రోఫిల్మ్. మన తీరంలోని రాడార్ కోడ్స్. ఈ సాయంత్రమే గిలకలదిండి చేపల హార్బర్ నుంచి పడవలో దాటిస్తారు. అక్కడ మన ఇన్ఫార్మర్ హారిక కలుస్తుంది. పాత ఫోటోల డీలర్. ఎవర్నీ చంపొద్దు."

"ప్రయత్నిస్తానండి."

నాలుగింటికి హార్బర్‌లో చేపల వేలం జోరుగా సాగుతోంది. లుంగీ, తలగుడ్డతో ఐసు మోసే కూలీలా నిలబడ్డాడు ఫణీంద్ర. పట్టుచీర, నల్లకళ్ళద్దాలతో హారిక వచ్చింది.

"వంజరం ఉందా?"

"తూకం వేస్తే ఉంటుందండి."

కోడ్ కుదిరింది. ఆమె నవ్వుతూ కార్డు అందించింది. "వాళ్ళ దగ్గర కొట్టేశాను. మీ పని అయిపోయిందండీ."

ఫణీంద్ర కార్డు చూశాడు. మూలలు గుండ్రంగా ఉన్నాయి. 1861 నాటి అట్టలకు మూలలు పదునుగా ఉండేవనీ, గుండ్రంగా కోయడం తర్వాతెప్పుడో వచ్చిందనీ నతానియేలు వందసార్లు చెప్పి విసిగించేవాడు.

"ఇది నకిలీ. అసలుదేదీ?"

ఒక్క క్షణం ఆమె చూపు ఒడ్డు వదులుతున్న నీలం పడవ మీదికి పోయింది. చాలు.

"నీలం పడవ," అన్నాడు చొక్కా గుండీలోని మైక్‌లో.

కోస్ట్‌గార్డ్ బోటు అడ్డం తిరిగింది. డెక్ మీదివాడు కార్డును నీళ్ళలోకి విసరబోతుండగా పడవలోకి దూకిన జవాను వాడి మణికట్టు పట్టుకున్నాడు.

హారిక బెదరలేదు. "నామీద సాక్ష్యం ఏముందండీ?"

ఫణీంద్ర చెయ్యి నడుం దగ్గరి పిస్టల్ మీద బిగిసింది. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఐసు ఫ్యాక్టరీ గోడ దగ్గర ఆమె ముఠావాళ్ళు ఇద్దరు ఇటే చూస్తున్నారు. వాళ్ళకు వినబడేలా గొంతెత్తాడు.

"థాంక్సండీ హారికగారూ! మీరు చెప్పకపోతే పడవ దొరికేదే కాదు!"

ఆమె మొహంలో నెత్తురు లేదు. ఆ ఇద్దరూ చొక్కాల కిందికి చేతులు పోనిస్తూ కదిలారు.

"నన్ను అరెస్ట్ చెయ్యండి," అంది.

"సాక్ష్యం లేదుగా అండీ."

"నతానియేలును చంపించింది నేనే! పొడిచింది ఆ ఇద్దరే! త్వరగా!"

"ఇంకోసారి. అతని పేరు సరిగ్గా పలకండి," అన్నాడు గుండీ మైక్ ఆమెవైపు తిప్పి.

ఏడుస్తూ పలికింది. అప్పుడు తలగుడ్డ విప్పాడు. ఆ సైగ కోసమే కూలీల్లో కలిసి కాచుకున్న మఫ్టీ పోలీసులు ఆ ఇద్దరినీ నేలకు అదిమేశారు. ఫణీంద్ర తీరిగ్గా బేడీలు బయటికి తీశాడు.

తెల్లారి చీఫ్ అడిగాడు. "హారిక క్షేమమేనా?"

"క్షేమమేనండి. జైలు గదికి లోపలివైపు కూడా తాళం కావాలంటోంది."