ఏజెంటుకి పంపిన మూడు అధ్యాయాలు

"నా అంకమ్మ నోట్లో దేవుణ్ణి ఎందుకు పెట్టారండీ?"

గుంటూరులో కాలేజీ ఎదుటి టీ కొట్టు దగ్గర, శివనాగరాజు గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆగిపోయాడు. ఎదురుగా ధనశ్రీ. చేతిలో అతను అనువదించిన కాగితాలు.

ధనశ్రీ మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంటెంటు. మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీల మీద మొదటి నవల రాసింది. బెంగుళూరులో ఒక లిటరరీ ఏజెంటు ఉందనీ, నచ్చిన రచయితల తరఫున పెద్ద పబ్లిషర్లతో ఆమే మాట్లాడుతుందనీ తెలిసి మెయిల్ పెట్టింది. "మొదటి మూడు అధ్యాయాలు ఇంగ్లీషులో పంపండి" అని జవాబొచ్చింది. ఆ ఇంగ్లీషు కోసమే, స్నేహితురాలు ఫాతిమా చెప్పగా, ఇంగ్లీషు లెక్చరర్ శివనాగరాజుని పట్టుకుంది.

"దేవుడెక్కడున్నాడండీ?" అన్నాడతను.

"ఇదిగో. అంకమ్మ 'నీ కడుపు చల్లగుండ' అంటే మీరు 'గాడ్ బ్లెస్ యూ' అని రాశారు. మొగుడు పోయినప్పట్నించీ ఆమె దేవుడి పేరే ఎత్తదు. నవలంతా ఆ పంతం మీదే నడుస్తుంది. అసలు పూర్తిగా చదివారా?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "లేదండి. అడిగింది మూడు అధ్యాయాలే కదా అని..."

"మీ ఇంగ్లీషు చాలా బావుందండి. నాకొద్దు" అనేసి ధనశ్రీ ఆటో ఎక్కేసింది.

వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు. "మొత్తం చదివానండి. దేవుడొక్కడే కాదు, చాలా తప్పులు చేశాను. ఒకసారి మీ ఊరు రావచ్చా? అంకమ్మలా మాట్లాడేవాళ్ళని వినాలి."

కాదనడానికి ఆమెకి కారణం దొరకలేదు.

పెదకాకాని దాటాక వాళ్ళ ఊరు. అతను వచ్చేసరికి కల్లం నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ధనశ్రీ తల్లి రాజ్యం సంగతంతా విని, "పుస్తకానికి కూడా ఏజెంటా అమ్మా? మిర్చి యార్డులో కమీషన్ ఏజెంట్లతోనే పడలేక ఛస్తున్నాం!" అంది.

శివనాగరాజు పకపకా నవ్వాడు. ఆ నవ్వు పూర్తికాకముందే చినుకులు మొదలయ్యాయి. కూలీలంతా టార్పాలిన్ పట్టాలు లాక్కుంటూ కల్లంలోకి పరిగెత్తారు. అతనూ పరిగెత్తాడు. కాయలు పోగులు పెట్టి, పట్టా కప్పి, తడిసిన మొహం అదే చేత్తో తుడుచుకున్నాడు.

"కళ్ళు ముట్టుకోకండి!" ధనశ్రీ అరిచేసరికే ఆలస్యమైపోయింది.

చెంబుతో నీళ్ళు తెచ్చి, "కళ్ళు తెరవండి" అంది.

"తెరిస్తే మీరు కనపడతారా?"

"ముందు మంట తగ్గనివ్వండి సారూ."

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చాడు. కూలీల మధ్య కూర్చుని వాళ్ళ మాటలు విన్నాడు. ఒక్కో మాటకి ఇద్దరూ గంటలకొద్దీ పోట్లాడుకున్నారు. చివరికి అంకమ్మ దీవెనని ఉన్నదున్నట్టే, కడుపూ చల్లదనం రెండూ ఉంచి, ఇంగ్లీషులోకి తెచ్చాడు.

"ఇది చదివేవాళ్ళకి అర్థమవుతుందంటారా?"

"మొదటిసారి కాకపోతే రెండోసారి అవుతుంది. నాకవలేదా?"

ధనశ్రీ కాగితంలోకి చూస్తూ నవ్వు దాచుకుంది.

మూడు అధ్యాయాలూ ఏజెంటుకి పంపారు. ఎండలు ముదిరాక ఆమె ఫోన్ చేసింది. నవల తీసుకుంటానంది. కానీ పుస్తకం మొత్తం అనువదించడానికి అనుభవం ఉన్న మనిషి కావాలనీ, అలాంటి ఆవిడ తనకి తెలుసనీ చెప్పింది.

ఆ సాయంత్రం ధనశ్రీ గుంటూరు బస్టాండులో అతన్ని కలిసి ఆ మాట చెప్పింది. "ఏజెంటుని వద్దనేస్తానండి."

రెండు బస్సులు వచ్చి పోయాయి.

"అనకండి" అన్నాడు చివరికి. "మూడు అధ్యాయాలకే నాకింత కాలం పట్టింది. ఆవిడ నాకన్నా బాగా చేస్తుంది. నాకు బాధే, లేదనను. దాని కోసం మీ పుస్తకాన్ని ఆపుతారా?"

ఆమె ఆపలేదు. అగ్రిమెంటు మీద సంతకం పెట్టింది. ఇంట్లో అందరూ స్వీట్లు పంచుకున్నారు.

ఆదివారం వచ్చింది. అతను రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఫోన్ చేద్దామంటే అడగడానికి ఏ మాటా మిగల్లేదు. అన్ని పేజీలు రాసిన మనిషికి, అతనితో మొదలుపెట్టడానికి ఒక్క వాక్యం తట్టలేదు. తను ఎదురుచూసింది ఏజెంటు ఫోన్ కోసమేనా అని మొదటిసారి అనుమానం వచ్చింది.

ఒక మధ్యాహ్నం గుమ్మంలో అలికిడైంది. శివనాగరాజు. లాప్‌టాప్ బ్యాగు లేదు, కాగితాలు లేవు.

"ఏం పని మీదొచ్చావు బాబూ? పుస్తకం పనైపోయిందిగా?" అంది రాజ్యం.

"పనేం లేదండి." అతను చెప్పులు విడిచాడు. "ధనశ్రీ గారిని చూద్దామని వచ్చాను."

రాజ్యం అతన్ని చూసింది. తలుపు చాటున నిలబడ్డ కూతురి మొహం చూసింది.

"పనుండి వచ్చినోళ్ళు టీ తాగి పోతారు. నువ్వు భోంచేసి వెళ్ళు" అని వంటింట్లోకి నడిచింది.

ధనశ్రీ గుమ్మం దాకా వచ్చింది. "ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

"కారణం వెతుక్కుంటున్నానండి. ఒక్కటీ దొరకలేదు. అందుకే ఉన్నమాట చెప్పేశాను."

"నాకు చెప్పలేదుగా."

"మీరంటే నాకిష్టం."

ఆమె అతని కళ్ళలోకి చూసి, "ఇంత చిన్న వాక్యమా!" అంది. "నేనూ అదే రాయలేక ఛస్తున్నాను."