ఏడుగురూ పడమటికే

ఫోటోలో ఏడు అస్థిపంజరాలు. ప్రతి పుర్రెకూ వెనక వైపు ఒక రంధ్రం.

పోరాడుతూ పడిపోయినవాళ్లకు తూటాలు అంత పద్ధతిగా తగలవు. పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చోబెట్టి కాల్చారు.

ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీస్ అధికారిణి ఫరహ్ ఆ ఫోటోను బల్ల మీద పెట్టింది. 1999 డిసెంబరు. సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో ఇంటర్వ్యూ గది. ఎదురుగా ముగ్గురు తెలుగువాళ్లు.

ఏడేళ్ల కిందట ఆఫ్రికా దక్షిణాన, అంతర్యుద్ధంతో తగలబడుతున్న దేశంలో, ఈ ముగ్గురూ ఒకే రోడ్డు కంపెనీ క్యాంపులో పనిచేశారు. ద్వారకానాథ్ మేనేజరు. ఇప్పుడు సిడ్నీలో కంప్యూటర్లలో వైటూకే తేదీల సమస్య సరిచేసే కంపెనీ పెట్టి రెండు చేతులా సంపాదిస్తున్నాడు. ఆనందరావు అప్పుడూ ఇప్పుడూ ఆయన కింద ఇంజినీరే. తాజ్ క్యాంపు డాక్టరు. ఇక్కడ పెండిల్ హిల్‌లో క్లినిక్ నడుపుతున్నాడు.

బందీలైన ఈ ఏడుగురు గెరిల్లాలను చంపమన్నది క్యాంపు మేనేజరేనని అక్కడి సైనికాధికారి వాంగ్మూలం ఇచ్చాడు. సైనికులు వచ్చేసరికే క్యాంపు ఖాళీ చేశామని ద్వారకానాథ్ అంటున్నాడు. విడివిడిగా అడిగితే మిగతా ఇద్దరూ అదే పాఠం అప్పజెప్పారు. శుక్రవారంలోగా సాక్షి దొరక్కపోతే ఫైలు మూసేస్తారు. అది తలచుకుంటేనే ఫరహ్‌కు ఒళ్లు మండుతోంది.

"వీళ్లను పూడ్చిందెవరు?" అంది.

"సోల్జర్సే అయ్యుంటారు మేడమ్," అన్నాడు ద్వారకానాథ్.

"కట్లు విప్పి, కుడి పక్కకు ఒత్తిగిలించి, ముఖాలన్నీ ఒకే దిక్కుకు తిప్పి పడుకోబెట్టారు. కాల్చినవాళ్లకు అంత ఓపికా?"

ద్వారకానాథ్ తడుముకోలేదు. చచ్చినవాళ్లు ముస్లిములేననీ, చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ ముస్లిములేననీ, వాళ్లే వచ్చి ఖననం చేసి ఉంటారనీ చెప్పాడు. ఆనందరావు తల ఊపాడు.

ఫరహ్ కూడా నెల రోజులు అలాగే అనుకుంది. ఇప్పుడు ఫోటో మూలన ఉన్న చిన్న బాణం గుర్తు మీద వేలు పెట్టింది.

"ఇది ఉత్తరం. ఆ దేశం నుంచి మక్కా ఉత్తరానే ఉంది. ఊరివాళ్లయితే అటే తిప్పుతారు. వీళ్ల ముఖాలు పడమటికి ఉన్నాయి. మక్కా పడమర ఉన్న మా కడపలో తిప్పినట్టు."

తాజ్ ముఖం పాలిపోయింది.

"అంకుల్, మీదీ కడపే కదా?"

"నేను నమాజు సరిగ్గా చదివినోణ్ణి కాదు మ్మా," అన్నాడు తాజ్. "మా నాయనను ఎట్ల పడుకోబెట్టినారో అట్లనే పెట్టినా. అదీ తప్పేనా?"

ఫరహ్ ఫోటోను తన వైపు తిప్పుకుంది.

"డాక్టర్‌గారూ, నోరు విప్పితే మీ సిటిజన్‌షిప్ కూడా పోతుంది. ఆలోచించుకోండి," అన్నాడు ద్వారకానాథ్ మెల్లగా.

"పోనీ సార్." తాజ్ ఆయన వైపు చూడలేదు. ఆ రోజు తామెవరూ క్యాంపు వదల్లేదని చెప్పాడు. బందీలందరూ గాయపడినవాళ్లు. వాళ్లు ఉంటే గెరిల్లాలు వచ్చి క్యాంపు తగలబెడతారని, తెల్లారేసరికి ఒక్కడూ కనిపించకూడదని మేనేజరు ఆ సైనికాధికారికి గట్టిగా చెప్పాడు. తాజ్ పక్కనే నిలబడి విన్నాడు.

ఆనందరావు రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. సాక్షి దొరికాడు. ఫరహ్ ఊపిరి పీల్చుకుని రికార్డవుతున్న టేపు ఆపబోయింది.

"ఆపొద్దు మ్మా. ఇంకోటి ఉంది." అన్నాడు తాజ్. "ఆ ఆఫీసర్ నన్నూ అడిగినాడు. జైలుకు నడిపించుకుని పోతాం, నడవగలరా అని. కొందరు నడుస్తారు మ్మా. నాకు తెలుసు. అయినా ఒక్కడు కూడా నడవలేడని చెప్పినా. నా దగ్గరే వదిలేసి పోతారనుకున్నా. నడవలేరన్నాకే కాల్చినారు."

ఫరహ్ కాగితం మీద నిందితుడిగా ద్వారకానాథ్ పేరు రాసి ఉంది. ఆమె తాజ్ ముఖంలోకి చూసింది. తర్వాత తల వంచుకుని, దాని కిందే తాజ్ పేరు రాసింది.