గోడ అవతలి ఉయ్యాల

ఆ సాయంత్రం ధర్మవరంలో ముసురు పట్టింది. పట్టు నేసేవాళ్ళకు ముసురంటే చిరాకు. పడుగు చెమ్మ పీల్చుకుని, పోగులు ఒకదాన్నొకటి అంటుకుంటాయి. యమునకు మాత్రం ఆ పూట వానను తిట్టుకునే తీరిక లేదు. ఆమె చిరాకంతా మగ్గం ఎదుట గోడకు బిగించిన కొత్త టీవీ మీదే ఉంది.

టీవీ వచ్చి వారమైంది. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె మొగుడు ఉదయ్ కుమార్, పెనుకొండలో కొని ఆటోలో వేసుకొచ్చాడు. ఎవరైనా టీవీని ముందుగదిలో పెట్టుకుంటారు. వీళ్ళు మగ్గం గదిలో పెట్టారు. "నేసేది చీరనా, సీరియలా?" అని ఎదురింటి ముసలామె చౌడక్క ఎకసెక్కాలాడింది కూడా.

అది సీరియళ్ళ కోసం కాదు, బుడ్డోడి కోసం. బాలాజి నెలలు నిండకుండా పుట్టాడు. పాలు తాగుతూ తాగుతూ ఉన్నట్టుండి పొరబోయేది, ఊపిరి తిప్పుకోలేకపోయేవాడు. ఒకసారి ఒళ్ళంతా నీలంగా మారిపోతే హిందూపురం ఆసుపత్రికి ఎత్తుకుని పరిగెత్తారు. మగ్గం గదిలో పట్టు నూగు ఎగురుతుంది కాబట్టి వాణ్ణి ఆ గదిలో పడుకోబెట్టొద్దనీ, కళ్ళ ముందు నుంచి కదలనివ్వొద్దనీ డాక్టరమ్మ చెప్పి పంపింది. నేతగత్తె ఈ రెండూ కలిపి ఎలా పాటించాలో మాత్రం చెప్పలేదు.

మగ్గం ఆడుతుంటే పక్కనే ఉరుము ఉరిమినా వినబడదు. ఇక గోడ అవతల చంటివాడి దగ్గు ఎక్కడ వినబడుతుంది? అందుకే ఉదయ్ ముందుగదిలో ఉయ్యాలకు ఎదురుగా చిన్న కెమెరా బిగించాడు. యమున కొన్నాళ్ళు మొబైల్ డేటాతో ఫోన్లో చూసుకుంటూ నేసింది. మగ్గం అదురుకు ఆ ఫోను జారి, మగ్గం కింద కాళ్ళు దించుకునే గుంతలో పడి అద్దం పగిలింది. ఆ తర్వాతే ఈ టీవీ కొన్నారు. వచ్చిన నాటి నుంచీ అది ఇంట్లో వైఫైతో కలిసి చావలేదు. అత్త ఉండి మనవణ్ణి చూసుకుంటోంది కాబట్టి దాని అలక ఎవరికీ పట్టలేదు.

ఈ పొద్దు అత్త లేదు. చెల్లెలికి బాగాలేదని కబురొస్తే నల్లచెరువు బస్సెక్కింది. ఉదయ్‌ది రెండో షిఫ్టు. పెళ్ళివాళ్ళు రేపు పొద్దున్నే చీరకు వస్తారు, ఇంకా మూరెడు నేత మిగిలింది. ఇంట్లో యమునా, నిద్రపోతున్న బుడ్డోడూ, కొత్తల్లుడిలా మొహం ముడుచుకున్న ఆ టీవీ.

హిందూపురంలో టీవీలు బాగుచేసే అంగడి పెట్టుకున్న అన్న జగదీష్‌కు ఫోను చేసింది.

"ఏమంటాండాది?" అన్నాడు జగదీష్.

"కనెక్ట్ కాలేదంటాండాదిన్నా."

"ప్లగ్గు పీకి, కొంచేపాగి పెట్టు. ఆడ రౌటరు గూడా ఆపి మళ్ళా వెయ్యి."

పీకింది, పెట్టింది. ముందుగదిలోకి పోయి రౌటరు ఆపి వేసింది. పనిలో పనిగా ఉయ్యాలలోకి తొంగి చూసింది. బుడ్డోడు పిడికిళ్ళు బిగించి పడుకున్నాడు, పొట్ట లేస్తోంది, పడుతోంది. ఆ పొట్ట కదలడం చూస్తేనే ఆమె ప్రాణం కుదుటపడేది. తిరిగొచ్చేసరికి టీవీ మీద అదే మాట.

"పాస్‌వర్డ్ మళ్ళా కొట్టు" అన్నాడు అన్న. రిమోటుతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టడం కంటే చిక్కుపడిన జరీ విప్పడం తేలిక. అయినా కొట్టింది. పాత కనెక్షన్ తీసేసి కొత్తగా కలపమంటే కలిపింది. ఫోను హాట్‌స్పాట్ పెట్టమంటే పెట్టింది, ముసురుకు నెట్ అందక బొమ్మ రాకుండా తెర మీద ఆ చక్రమేదో తిరుగుతూనే ఉంది.

"మీ రెండు గదుల నడుమ గోడ యాంటిది?" అనడిగాడు జగదీష్ చివరికి.

"పాత బాడుగిల్లు గదన్నా. రాతిగోడ. మూరెడు మందం ఉంటాది."

"అదీ సంగతి. ఇంతసేపూ ఊరికే టీవీని తిట్టుకుంటిమి. సిగ్నలు ఆ గోడ దాటి రాదులే. వైరు లాగు. రౌటరు పెట్టినోళ్ళు ఒక వైరు చుట్ట ఇచ్చిపోయింటారు చూడు."

చుట్ట మేకుకు వేలాడుతూనే ఉంది. వాకిలి చుట్టూ తిప్పి తెద్దామంటే చాలలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. మగ్గం గుంత పక్కనే, గోడ అడుగున, సున్నం వేరే రంగులో ఉన్న చోటొకటి ఉంది. ఇల్లు కడిగేటప్పుడు అక్కడ తట్టితే డొల్లగా మోగేది.

కత్తెర మొనతో గీకింది. సున్నం రాలింది, లోపల మట్టి. మట్టి వెనక గట్టిగా కూరిన పట్టు పీచు, పిడికెళ్ళకు పిడికెళ్ళు. దాని వెనక ఎండిన వేపాకు. చివరి పిడికెడు లాగేసరికి అవతలి గది వెలుతురు కనబడింది. దాంతోపాటు ఒక వాసన కూడా వచ్చింది. విరిగిన పాల వాసన.

ఎలుకలేవో చచ్చుంటాయిలే అనుకుంది. వేలు పెట్టి తడిమితే కన్నం అంచు అద్దంలా నున్నగా తగిలింది. దారం తిరిగి తిరిగి నున్నబడిన చోటు నేసేవాళ్ళ వేలికి ఇట్టే తెలుస్తుంది. ఇది ఉయ్యాల తాడు కోసం చేసిన కన్నం. యమున అమ్మ కూడా అలాగే చేసేది. ఉయ్యాల తాడు గుంతలోకి లాక్కుని కాలి బొటనవేలికి కట్టుకునేది, నేస్తూనే బిడ్డను ఊపేది. ఈ ఇంట్లోనూ తనలాంటి తల్లి ఒకామె ఉండిందన్నమాట. ఆమె ఎవరో తెలియకపోయినా ఆమె మీద జాలీ ప్రేమా రెండూ కలిగాయి యమునకు.

వైరు దూర్చింది. ముందుగదిలో అది రౌటరు పెట్టిన గూటి నుంచి వదులుగా వేలాడింది. నేతగత్తె కంట్లో వదులు పోగు పడితే చెయ్యి ఊరుకోదు. బుడ్డోడి చేతికి అందనంత ఎత్తున, ఉయ్యాల తాడుకు వైరును ఒక ముడి వేసింది. ఇవతల మిగిలిన వైరు కాళ్ళకు అడ్డం రాకుండా గుంతలోకి జారవిడిచి, చివర టీవీ వెనక గుచ్చింది.

తెర మీద ఉయ్యాల వచ్చింది. చీర మడతల్లో బుడ్డోడి మొహం, చిటికెడంత ముక్కు. యమునకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఫోను పెట్టేసి, గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని, మగ్గం అందుకుంది.

బయట వాన పెద్దదైంది. దీపాలు పెట్టే వేళ కాకముందే గదిలో చీకటి పడింది. టక్, టక్ మని మగ్గం. నాలుగు పోగులకొకసారి తలెత్తి చూసుకుంటోంది. ఉయ్యాల మెల్లగా ఊగుతోంది. ఇందాక తన చెయ్యి తగిలుంటుంది అనుకుంది.

బెత్తెడు నేసింది. ఉయ్యాల ఊగుతూనే ఉంది.

యమున మగ్గం ఆపింది. ఉయ్యాల ఆగలేదు.

వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కళ్ళు తెర మీద నుంచి కన్నం వైపు తిప్పింది. వైరు బిగుస్తోంది… వదులవుతోంది. బిగుస్తోంది… వదులవుతోంది. లాగేది ముందుగదిలోంచి కాదు. గుంతలోంచి.

పాల వాసన గుప్పుమంది.

ఎడమ కాలి కింద తొక్కుడు కర్ర దిగింది. ఆమె తొక్కలేదు. మళ్ళీ పైకి లేచింది. మళ్ళీ దిగింది. ఈసారి తెలిసింది… ఆమె పాదం మీద ఇంకో పాదం ఉంది. చల్లగా, తడిగా. నొక్కుతోంది. తీస్తోంది. అలవాటైన పని చేసుకుంటున్నట్టు, తొందర లేకుండా.

తెర మీద బుడ్డోడు కళ్ళు తెరిచాడు. ఏడవలేదు. తల పక్కకు వాల్చి, కిందికి, కన్నం వైపు చూశాడు.

"ఆపొద్దు…" అంది ఎవరో. మోకాళ్ళ దగ్గర్నుంచి. "ఆపితే లేస్తాడు…"

ఎలా పైకి వచ్చిందో ఆమెకే తెలియదు. మగ్గం కర్ర తగిలి మోచెయ్యి చీరుకుపోయింది. చేతిలో కత్తెరతో ముందుగది గడప దాటుతుండగా కరెంటు పోయింది.

చీకట్లో ఉయ్యాల చప్పుడు. కొక్కెం కిర్రుమంటోంది. ఉయ్యాల గోడ దాకా పోయి వస్తోంది. తడుముకుని వైరు పట్టుకుంది, కత్తిరించింది. తెగిన కొస ఆమె వేళ్ళ మధ్య నుంచి సర్రున జారి కన్నంలోకి పోయింది. ఉయ్యాల చీర పట్టుకుంది. లోపల చెయ్యి పెట్టింది. మెత్తగా, వెచ్చగా బిడ్డ తగిలాడు. ఎత్తి భుజానేసుకుని, తలుపు కూడా వెయ్యకుండా వానలో పడి వీధి దాటింది.

చౌడక్క టార్చిలైటు పట్టుకుని అరుగు మీదే ఉంది. ఆ వెలుగులో యమున ముందు బిడ్డ మొహం చూసుకుంది. బాలాజే. అదే ముక్కు, అవే పిడికిళ్ళు. ఊపిరి ఆడుతోంది. యమున అరుగు మీద కూలబడింది. కొంగుతో బిడ్డ తల తుడుస్తూ, ఉదయ్‌కు ఫోను మీద ఫోను చేసింది. ఎత్తలేదు. పని మీద ఉన్నాడు.

"ఏమాయ పాపా?" అంది చౌడక్క పక్కన కూర్చుంటూ.

యమున చెప్పింది. కన్నం మాట వచ్చేసరికి చౌడక్క టార్చి వెలుగును ఎదురింటి వైపు తిప్పింది.

"దాన్ని తెరిస్తివా?" అంది గొంతు తగ్గించి. "అది మారక్క చేసుకున్న కన్నం. మారక్క ఆ ఇంట్లోనే నేస్తా ఉన్నింది. తాడు కాలి వేలికి కట్టుకోని ఊపేది. ఒక పొద్దు బిడ్డకు పాలు పొరబోయి పొద్దన్నే పాణం పోయింది. ఆయమ్మకు తెలీలేదు. మగ్గం చప్పుడు గదా. మాపటి దాకా ఊపుతానే ఉన్నింది, బలే నిద్రపోతాండాడే అనుకుంటా."

"తర్వాత?"

"చెప్తే నమ్మలేదు. బిడ్డను పూడ్చనీకి ఎత్తుకోని పోయినా గుంతలోంచి పైకి రాలేదు. ఉత్త ఉయ్యాల ఊపుకుంటా… ఆపితే లేస్తాడు అనేది. ఆ గుంతలోనే పోయింది. ఇల్లుగలాయన సంజీవప్ప ఆ కన్నం పూడ్పించి, ఎవురికీ చెప్పొద్దంటే మేమూ చెప్పకపోతిమి. ఇల్లు బాడుగకు పోదని." చౌడక్క యమున మొహంలోకి చూడలేక తల దించుకుంది. "నాదీ తప్పే తల్లీ. బిడ్డ దక్కినాడు, అంతే చాలు."

దక్కాడు. యమున వాణ్ణి గుండెకు హత్తుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. ఈ రాత్రి ఇక్కడే ఉంటుంది. తెల్లారి ఉదయ్ వచ్చాక సామాన్లు తీసేస్తారు. మగ్గం ఏమైనా కానీ, చీర ఏమైనా కానీ. వానకు తడిసినందుకేమో బిడ్డ చప్పుడు చెయ్యకుండా భుజం మీద ఒదిగి ఉన్నాడు.

వీధిలో దీపాలు వెలిగాయి. కరెంటు వచ్చింది. ఎదురుగా ఆమె ఇల్లు, తెరిచిన తలుపుతో, ముందుగదిలో లైటుతో, ఏమీ ఎరగనట్టు కనబడింది. ఫోను మోగింది. ఉదయ్.

"టీకి వదిలినారు, ఇప్పుడే చూస్తి. ఇన్ని సార్లు చేసినావేమి?" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే మళ్ళీ అతనే అన్నాడు, "సరే గానీ, నువ్వు యాడుండావు? వాడు గుక్కపట్టి ఏడుస్తాంటే ఎత్తుకోవేమి?"

"ఎవరు?"

"ఎవరేంది, బుడ్డోడు. కెమెరాలో చూస్తాండా గదా. ఏడ్చి ఏడ్చి మొగం నీలమైతాంది. పక్కన ఎవురూ కనపడరు, ఉయ్యాల మాత్రం ఊగతానే ఉండాది. చౌడక్క గాని ఊపుతాందా? ఇదో, నువ్వే విను…"

అతను కెమెరా సౌండు పెంచాడు. యమున ఫోను పగిలిన అద్దం కిందనుంచి, సన్నగా, గుక్క తిప్పుకోలేని ఏడుపు వినబడింది.

ఆ ఏడుపు చెవిన పడగానే యమున రొమ్ములు చేపుకొచ్చాయి. రెండు పక్కలా రవిక తడిసి, పాలు ధారగా కారి, భుజం మీది బిడ్డ చెంపకు అంటుకున్నాయి.

వాడు పాల కోసం తల తిప్పలేదు.