పెన్సిల్‌తో రాసిన ఏడు ట్యూబులు

రోజూ ఉదయం తొమ్మిదీ పదికి ఆమె ఆ ఫ్రీజర్ తలుపు తీసేది. మైనస్ ఎనభై డిగ్రీల చలి తెల్లటి పొగలా కిందికి జారి, ఆమె పాదాల చుట్టూ మబ్బులా ఒకసారి తిరిగి మాయమయ్యేది. మూడో అరలో ఎడమ పక్క పెట్టెలో ఏడు చిన్న ట్యూబులుండేవి. వాటిని బయటికి తీసేది కాదు, ముట్టుకునేది కూడా కాదు. రెండు నిమిషాలు చూసి తలుపు వేసేసేది.

ఆ సోమవారం కూడా చూసింది. ట్యూబులు ఏడూ ఉన్నాయి. వాటి మీద నాన్న చేతిరాత లేదు.

దాని చోట తెల్లటి కొత్త స్టిక్కర్లు, వాటి మీద కంప్యూటర్ అచ్చు అక్షరాలు.

"ఇవి ఎవరు మార్చారు?"

వెనక బల్ల దగ్గర నుంచి ఒకతను లేచాడు. రెండేళ్లు మందుల కంపెనీలో పనిచేసి, మధ్యలో ఆపేసిన ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తి చేద్దామని ఈ సెమిస్టర్‌లో తిరిగి చేరినవాడు. ఏ ప్రయోగం చేసినా పోల్చి చూసుకోవడానికి పక్కన ఇంకో ట్యూబు, అంటే కంట్రోల్, పెట్టుకోనిదే అడుగు ముందుకు వేయడు. అందుకని ల్యాబులో అందరూ అతన్ని కంట్రోల్ గారు అనేవాళ్లు. ల్యాబు నడిపే మేడం అతనికి ఫ్రీజర్ బాధ్యత అప్పగించి నెల కూడా కాలేదు.

"నేనేనండీ. నిన్న వచ్చి మొత్తం సర్దాను. ఇక ఎవరూ వెతుక్కోనక్కర్లేదు," అన్నాడు, మెచ్చుకుంటుందనుకుని.

"వెతుక్కుంటున్నామని మీకెవరు చెప్పారు?"

"ఫ్రీజరే చెప్పింది." తలుపు పక్కన వేలాడుతున్న ఉష్ణోగ్రత చార్టు చూపించాడు. రోజంతా తిన్నగా సాగే గీత ప్రతి ఉదయం తొమ్మిదీ పదికి చిన్న గుట్టలా లేచి మళ్లీ సర్దుకుంటోంది. "రోజూ ఎవరో ఇంతసేపు తలుపు తెరిచి ఉంచుతున్నారు. పాత లేబుళ్లు సరిగ్గా కనబడక వెతుక్కుంటున్నారు పాపం అనుకున్నాను."

ఆమె ఆ చార్టు వంక చూసింది. నాన్నని చూసుకున్న ప్రతి ఉదయమూ అక్కడ ఒక గుట్టయి కూర్చుంది.

"పాపం అనుకోనక్కర్లేదు. చెప్పకుండా ముట్టుకోకుండా ఉంటే చాలు," అని వెళ్లిపోయింది. ముఖానికి మాస్కు ఉంది కాబట్టి సరిపోయింది.

అసలు సంగతి అతనికి స్టోర్‌లో సామాన్లిచ్చే బాబాయ్ చెప్పాడు. ఆమె నాన్న లెక్కల మాస్టారు. కూతురు ఎలాంటి చోట చదువుతోందో చూద్దామని ఏడాది కిందట ఒక రోజు ల్యాబుకి వచ్చారు. సాయంత్రం బస్సు దాకా ఖాళీగా కూర్చోలేక, నాకూ ఏదైనా పని చెప్పమ్మా అన్నారు. ఆమె తన బ్యాక్టీరియా క్లోన్లు దాచబోయే నలభై ట్యూబులకి లేబుళ్లు రాయమంది. పరీక్ష పేపర్లు దిద్దేటంత శ్రద్ధగా, స్టూలు మీద నిటారుగా కూర్చుని, కాగితపు టేపు ముక్కల మీద ముత్యాల్లాంటి అక్షరాలు రాసి ఇచ్చారు. ఆ రోజు నుంచే ఆమెకి ల్యాబులో మాస్టారమ్మాయి అనే పేరు స్థిరపడింది. తర్వాత మూడు నెలలకే ఆయన పోయారు. అప్పటికే ముప్పై మూడు ట్యూబులు వాడేసి, ఏమీ అనుకోకుండా చెత్త డబ్బాలో వేసేసింది. మిగిలినవి ఏడు.

కంట్రోల్ గారు చేతిలోని స్టిక్కర్ల కట్ట బల్ల మీద పెట్టేశాడు.

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదా బాబాయ్."

"నువ్వు ముందే అడగొచ్చు కదా నాయనా."

మర్నాడు తొమ్మిదీ పదికి అతను ఫ్రీజర్ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె పక్కకు తప్పుకుని వెళ్లబోతుంటే, పాత లేబుళ్లు పీకలేదని, వాటి మీదే కొత్తవి అంటించానని చెప్పాడు. ఆమె చెయ్యి గబుక్కున తలుపు మీదికి వెళ్లింది.

"ఆగండి. ఇప్పుడు పీకితే టేపు కూడా చిరిగి వస్తుంది. నా ట్యూబు ఒకటి పాడుచేసి చూశాను. కరగబెడదామంటే లోపల క్లోన్లు దెబ్బతింటాయి. నాకొక్క వారం ఇవ్వండి."

"వారంలో ఏం చేస్తారు?"

"కంట్రోల్స్."

ఆమెకి నవ్వు రాబోయింది. నవ్వు రాబోయినందుకు ఇంకా కోపం వచ్చింది.

ఆ వారమంతా వాన. కిటికీ అద్దాల మీద నీళ్లు దారులు మార్చుకుంటూ జారుతుంటే, ల్యాబంతా నీటి అడుగున ఉన్నట్టుండేది. అతను కిటికీ పక్క బల్ల దగ్గర ట్యూబుల్లో నీళ్లు పోసి, టేపు ముక్కల మీద ఏదో రాసి అంటించి, వాటి మీద స్టిక్కర్లు వేసి, ఫ్రీజర్‌లో పెట్టి, తీసి, ఒక్కో పద్ధతీ ప్రయత్నించేవాడు. ఆమె దగ్గరికొస్తే రాస్తున్నది అరచేత్తో మూసేసేవాడు.

"పరీక్షలో పక్కవాళ్లకి చూపించని పిల్లాడిలా ఆ దాచుకోవడం ఏమిటి?"

"నా చేతిరాత బాగుండదండీ."

గురువారం నాటికి చార్టులో గుట్ట మాయమైంది. తొమ్మిదీ పదికి ఆమె ఫ్రీజర్ దగ్గర కాకుండా కిటికీ పక్క బల్ల దగ్గర ఆగుతోంది. ఆ సంగతి ఆమె గమనించలేదు. ఫ్రీజర్ బాధ్యత ఉన్నవాడు గమనించాడు, ఊరుకున్నాడు.

శుక్రవారం అతనే ఆమె దగ్గరికి వచ్చాడు. ట్యూబుని డ్రై ఐస్ మీదే ఉంచి, చల్లటి ఆల్కహాల్‌తో స్టిక్కర్‌ని తడుపుతూ ఉంటే, జిగురు వదిలేసి అదంతట అదే జారిపోతోందట. లోపలిది కరగదు, టేపు చిరగదు. కాని ఒక చిక్కుంది.

"మార్కర్‌తో రాసింది ఆల్కహాల్‌కి మొత్తం చెరిగిపోతోంది. బాల్ పెన్నుది సగం పోతోంది." ఆమె వైపు తిరిగాడు. "మీ నాన్నగారు దేంతో రాశారు?"

ఆమె కళ్లు మూసుకుంది. స్టూలు, పక్కన పెట్టిన చేతిసంచి, వంచిన మెడ. మార్కర్ ఇవ్వబోతే వద్దన్నారు. జేబులోంచి ఏదో తీశారు. రాస్తూ రాస్తూ ఒక ట్యూబు మీద ముప్పై ఒకటికి బదులు ఇరవై తొమ్మిది వేశారు. రబ్బరుతో చెరిపేయండి నాన్నా అంటే తల అడ్డంగా ఊపారు. చెరిపేస్తే తప్పెక్కడ చేశామో తెలియదమ్మా, ఒక్క గీత కొట్టి పక్కన రాస్తే చాలు, అన్నారు. అటుగా వెళ్తున్న మేడం ఆ మాట విని, మా ల్యాబు నోటుబుక్కుల్లోనూ అదే రూలండీ అని నవ్వింది.

రబ్బరుతో చెరిపేయండి అంది తనే.

"పెన్సిల్," అంది.

అతను స్టూలు మీద కూలబడ్డాడు. "పెన్సిలైతే ఏమీ కాదు."

వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినబడని ఆ మధ్యాహ్నం ఇద్దరూ డ్రై ఐస్ పొగ మీదికి వంగి కూర్చున్నారు. అతను తడుపుతుంటే ఆమె పట్టకారుతో స్టిక్కర్ అంచు పట్టుకుంది. మొదటిది జారింది. అడుగున ముత్యాల్లాంటి అక్షరాలు, రాసిన రోజు ఉన్నట్టే. రెండోది, మూడోది. ఏడోదాని మీద ఇరవై తొమ్మిది, దాని మీద అడ్డంగా ఒక్క గీత, పక్కన ముప్పై ఒకటి. ఆమె ఆ గీత వంక చాలాసేపు చూసింది. అతను కిటికీ వైపు తిరిగి, వాన ఎప్పుడు తగ్గుతుందా అన్నట్టు కూర్చున్నాడు.

తర్వాత పెట్టె తీసుకుని దాని చోట పెట్టి రావడానికి వెళ్లాడు. బల్ల మీద స్టిక్కర్లు ఊడదీయని అతని ట్యూబులు కొన్ని మిగిలాయి. చేతిలో ఆల్కహాల్ ఉంది, పద్ధతి తెలిసింది. ఒకటి తడిపింది.

నల్లటి మరక. మార్కర్. ఇంకోటి తడిపింది. బాల్ పెన్ను: కోపం తగ్... అక్కడితో కొట్టుకుపోయింది. మూడోది పెన్సిల్. వంకర టింకర అక్షరాలు, కాని ఒక్కటీ చెదరలేదు: మన్నించండి. నాలుగోదీ పెన్సిలే: రేపు టీ తాగుదామా?

తలెత్తేసరికి అతను తిరిగొచ్చి ఎదురుగా నిలబడి ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అవి ఊరికే కంట్రోల్స్ అండీ. ఏదో ఒకటి రాయాలి కదా అని."

"అన్నిటి మీదా క్లోన్ అని రాస్తే సరిపోయేది."

"సరిపోయేది," అని ఒప్పుకున్నాడు.

ఆమె లేచి దగ్గరికొచ్చి అతని కోటు జేబులోంచి పెన్సిల్ తీసుకుంది. బల్ల మీదికి వంగి, ట్యూబు మీద రేపు అన్న మాటకి అడ్డంగా ఒక్క గీత కొట్టింది. పక్కన చిన్న ముత్యాల్లాంటి అక్షరాలతో ఇవాళ అని రాసి, అతని చేతిలో పెట్టింది.

అతను రెండు మూడు సార్లు చదువుకున్నాడు.

"గొడుగు ఉందా నీకు?" అంది ఆమె, కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తూ.

"ఒకటే ఉందండీ."

"చాలు. ఆ అండీని కూడా ఒక గీత కొట్టెయ్."