అమరంలో అమరిక

ఫ్లోరిమోన్‌ను చంపినవాడు మర్యాదస్తుడు. తూలోన్ రైల్వేస్టేషన్ ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో, పట్టపగలు, "ఈ కుర్చీ ఖాళీయేనా అండీ?" అని అడిగి మరీ కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు కుర్చీ యథాస్థానంలో సర్ది వెళ్లాడు. ఫ్లోరిమోన్ మాత్రం తన స్థానంలోంచి లేవలేదు. కాఫీ కన్నా ముందు మనిషి చల్లారిపోయాడు.

పోయినవాడు ఊరికే పోకుండా ఒక పేరుని తనతో పట్టుకుపోయాడు. గొడవంతా ఆ పేరు గురించే.

గూఢచారి శాఖ కర్నల్ వాయాక్ ఆఫీసు వలల దుకాణం పైఅంతస్తులో ఉంటుంది. వల వేసేది కిందా పైనా కూడా అని ఆయన జోకు. ఆ రోజు జోకు వెయ్యలేదు. ఎదురుగా కూర్చున్న బాస్తీద్‌కి అది చూడగానే అర్థమైంది, పని గట్టిదని.

బాస్తీద్‌కి యాభై దాటాయి. మోకాలు ఒకటి మొరాయిస్తుంది, బెల్టు ప్రతి ఏడాదీ ఒక రంధ్రం వెనక్కి తగ్గుతుంది. అయినా కర్నల్‌కి వాడే కావాల్సొచ్చాడు. వాడి తండ్రి పడవల యార్డులో మేస్త్రీ. అక్షరాలకన్నా ముందు ఆ చేతికి అబ్బినది స్పానర్.

సంగతి ఇది. సముద్రం అడుగున సబ్‌మెరీన్ల సవ్వడి వినే యంత్రమొకటి నేవీవాళ్ల దగ్గర ఉంది. వాళ్లు ముద్దుగా దాన్ని చెవి అంటారు. ఒక విదేశీ ముఠా ఆ చెవిని కోసుకుపోయి, రేవు బయట నీటి అడుగున ఎక్కడో దాచింది. పైకి తియ్యడానికి ఆల్బమార్ అనే మోటారు యాట్ వచ్చింది. దాని వెనకభాగంలో డింగీ లిఫ్ట్ ఒకటి బిగించమని లా సేన్ రేవులో ఓ యార్డుకి ఆర్డరిచ్చింది. డింగీ అంటే యాట్ వెంట ఉండే చిన్న పడవ. దాన్ని ఎత్తిపెట్టుకోవడానికని చెప్పి, చెవిని ఎత్తుకుపోవడానికన్న మాట.

"యాట్‌ని పట్టేసుకోవచ్చుగా?" అన్నాడు బాస్తీద్.

"అందులో మన మనిషి ఉన్నారు. ఈ వివరాలన్నీ పంపించింది ఆ మనిషే. మనవాళ్లు మెట్లెక్కేలోపే వాళ్లు చంపేస్తారు. యాట్ కదిలినా చంపేస్తారు. ఇంట్లో ద్రోహి ఉన్నట్టు వాళ్లకి తెలిసిపోయింది, ఎవరన్నదే ఇంకా తేలలేదు."

"ఎవరు మన మనిషి?"

కర్నల్ కిటికీలోంచి రేవుకేసి చూశాడు. "ఫ్లోరిమోన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఆడో మగో కూడా తెలియదు. ఓసారి తాగి ఒక్క ముక్క జారాడు. ఉత్తరాన బ్రెతాన్ తీరంలో చేపలు పట్టే ఇంట్లో పుట్టిన మనిషట. యాట్‌లో ఉన్నది ఇద్దరు, ఒక వంటవాడు. ఆ ఇద్దరిలో ఒకరు మనవాళ్లు, ఒకరు హంతకుల ముఠా. సరైన మనిషి చెవిలో ఒక్క మాట వేసి, బతికుండగా దింపుకురా. తప్పు చెవిలో వేశావో..."

 

యార్డు యజమానికి ఒక కబురు వెళ్లింది. మర్నాడు పొద్దున నీలం ఓవరాల్ తొడుక్కుని, జేబులో నూనె డబ్బాతో బాస్తీద్ ఆల్బమార్ ఎక్కాడు. మన రేవుల్లో పడవ వెనక కొసని అమరం అంటారు. అమరంలో లిఫ్ట్ అమర్చడం వాడి ఉద్యోగం. అమరుడు కాకుండా చూసుకోవడం అదనపు బాధ్యత.

తోడుగా టోనిన్ వచ్చాడు. యార్డులో పాత చెయ్యి. నోరు మరీ పాతది, ఎప్పుడూ మూతపడదు. "ఏం బావా, కొత్తవాడివా? నీ పొట్ట చూస్తే అనుభవజ్ఞుడిలానే ఉన్నావులే" అని మొదటి నిమిషంలోనే బంధుత్వం కలిపేశాడు. బాస్తీద్ నవ్వి ఊరుకున్నాడు. నట్టు పట్టుకున్న నటుడికి మాటలు ఎంత తక్కువైతే అంత మంచిది.

రెండు స్టీలు చేతులు, ఒక్కో చేతికి తాడు చుట్టుకునే ఒక్కో డ్రమ్ము, ఒక్కో బ్రేకు మీట. డింగీ ముందు కొస ఒక చేతికీ వెనక కొస రెండో చేతికీ వేలాడుతుంది. రెండు మీటలూ సమానంగా వదిలితే డింగీ బుద్ధిగా నీళ్లలోకి దిగుతుంది. అందుకే అది ఇద్దరు మనుషుల పని. టోనిన్ లోపలి గదిలోకి దూరి వెనక పలకలు పట్టుకున్నాడు, బాస్తీద్ బయటినుంచి బోల్టులకి నీళ్లు చొరకుండా సీలెంటు పూసి దూర్చాడు. ముందు సగమే బిగించాలి. సీలెంటు రబ్బరులా గట్టిపడ్డాక మిగతా సగం. బోల్టు దగ్గర తొందరపడితే బోల్తాయే.

"సాయంత్రానికి అయిపోవాలి" అన్నాడు వెనకనుంచి ఎవరో.

కెప్టెన్ లె గ్వెన్. తెల్లటి గడ్డం, ఉప్పుగాలికి చెక్కుకుపోయిన ముఖం. తాను బ్రెతాన్ జాలరి కొడుకునని అడక్కుండానే చెప్పాడు. తన తాతని సముద్రం మింగిందన్నాడు. తమ ఊరి వెన్న గురించి చెబుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి.

పైడెక్ మీద గొడుగు కింద మేడమ్ లియాన్ దోర్నాక్ కూర్చుని ఉంది. యాట్ యజమానికి స్నేహితురాలు. నల్ల కళ్లద్దాలు, తెల్ల సిల్కు, వేళ్లకి పచ్చలు. పారిస్‌లో అత్తరు వ్యాపారుల బిడ్డ అని రేవంతా చెప్పుకుంటోంది. చేపని ప్లేటులో తప్ప చూసిన ముఖం కాదు.

బాస్తీద్ ఇద్దరికీ వినపడేలా, గాలికేసి చూస్తూ, ఫ్లోరిమోన్ తన మనుషులతో వాడే రహస్య వాక్యం, కర్నల్ చెప్పి పంపింది, వదిలాడు. "ఈ గాలి రేపటికైనా తగ్గుతుందంటారా?"

మేడమ్ పేజీ తిప్పింది. కెప్టెన్ మాత్రం ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "తగ్గినా నేను గొడుగు వదలను" అన్నాడు.

జవాబు సరిగ్గా అదే. పొల్లు పోలేదు.

జాలరి ఇల్లు సరిపోయింది, జవాబూ సరిపోయింది. బాస్తీద్‌కి భుజాల మీంచి బస్తా దిగినట్టయింది. టోనిన్ చెవులకి దూరంగా ఒక్క నిమిషం దొరికితే చాలు, కెప్టెన్‌కి చెప్పెయ్యొచ్చు. పొద్దుటంతా ఆ నిమిషం దొరకలేదు. ఆ దొరకని నిమిషమే ఒక ప్రాణం నిలబెట్టిందని వాడికి తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం భోజనం వేళ టోనిన్ లోపలి గదిలోంచి దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చి, చేతులు కడుక్కోవడానికి అవతలికి వెళ్లాడు. కెప్టెన్ స్వయంగా ఒక మూత గిన్నె మోసుకుంటూ అమరంలోకి వచ్చాడు. ఇదే అదను. బాస్తీద్ ఒక అడుగు దగ్గరికి జరిగి నోరు తెరిచాడు.

కెప్టెన్ మూత తెరిచాడు.

"తినండయ్యా, మొహమాటపడకండి. కుందేలు. ఆవాల ముద్ద పట్టించి వండించాను. మా నాన్న పడవ మీద ప్రతి ఆదివారం కుందేలే."

మనం నేల మీద ఉన్నాం కాబట్టి ఆ మాట రాసేశాను. పడవ మీద ఎవడూ అనడు. పూర్వమెప్పుడో ఓడలో తాళ్లూ చెక్కా కొరికి, అందర్నీ ముంచిన జంతువది. దాని పేరెత్తితే పడవ మునుగుతుందని ఇక్కడ దక్షిణానా నమ్ముతారు, అక్కడ బ్రెతాన్‌లో ఇంకా గట్టిగా నమ్ముతారు. దేవుణ్ణి నమ్మనివాడు కూడా దీన్ని నమ్ముతాడు.

అప్పుడే తిరిగొచ్చి పనిముట్లు సర్దుకుంటున్న టోనిన్ చేతిలోంచి స్పానర్ ఠంగుమని జారిపడింది. వాడు నీళ్లలోకి ఉమ్మి, సంచీ భుజాన వేసుకుని, ఒక్క మాటా లేకుండా గట్టు మీదికి దిగిపోయాడు. టోనిన్ మాట్లాడకుండా ఉండటం యార్డు చరిత్రలో అదే మొదలు.

బాస్తీద్ తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు. వాడి ముందు అద్దంలా మెరుస్తున్న స్టీలు చెయ్యి ఉంది. అందులో పైడెక్ కనిపిస్తోంది. మేడమ్ చెయ్యి బల్ల కిందికి జారింది. పచ్చలున్న వేళ్లు, కీడు తగలకుండా అన్నట్టు, చెక్కని గట్టిగా పట్టుకున్నాయి. పెదాలు ఏదో గొణిగాయి.

తర్వాత పైనుంచి విసుగ్గా వినిపించింది. "కెప్టెన్, ఆ పొడుగు చెవులవాణ్ణి కిందికి పంపించెయ్యండి. ఆ వాసన నాకు పడదు."

పొడుగు చెవులవాడు. అత్తరు వ్యాపారి కూతురు వాడే మాట కాదది. జాలరి ఇంట్లో, తల్లి చేత నోటి మీద దెబ్బ తిని నేర్చుకునే మాట.

 కోడ్ వాక్యానికి ఆవిడ ఎందుకు పలకలేదో బాస్తీద్‌కి ఇప్పుడు తెలిసింది. ఫ్లోరిమోన్‌తో పాటే కోడ్ కూడా శత్రువుల చేతిలో పడిందని ఆవిడకి తెలుసు. తనకే తట్టలేదు. ఇంకో ఊపిరి పీల్చి ఉంటే ఆవిణ్ణి తన నోటితోనే చంపేసి ఉండేవాడు.

గట్టు మీదికి వెళ్లి కెప్టెన్ టోనిన్‌ని బుజ్జగించబోయాడు. టోనిన్‌కి అప్పటికి నోరు తిరిగొచ్చింది. "బ్రెతాన్‌వాడినంటావ్, పడవ మీద ఆ పేరెత్తుతావ్? నిన్ను కన్నది జాలరేనా, టీవీయా? పైనున్న మేడమ్‌గారికున్న జ్ఞానం నీకు లేకపోయిందే" అని రేవంతా వినేలా కడిగేశాడు.

కెప్టెన్ నవ్వుతూనే విన్నాడు. నవ్వు అలాగే ఉంది గానీ, నవ్వేవాడు అందులోంచి వెళ్లిపోయాడు. మెల్లగా తలెత్తి పైడెక్ కేసి చూశాడు.

తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. వంటవాణ్ణి సరుకులకని ఊళ్లోకి తోలాడు. బాస్తీద్ పక్కన చేరి, సాటి గూఢచారితో మాట్లాడినట్టు, చెవిలో చెప్పాడు. "పైనున్నది వాళ్ల మనిషి. డింగీలో షికారని తీసుకెళ్లి నేను చూసుకుంటాను. నువ్వు దించు."

"సీలెంటు ఇంకా ఆరలేదు కెప్టెన్‌గారూ. బోల్టులు సగమే బిగించాను."

"దించమన్నాను."

తన వేషం ఇంకా చెల్లుతోందని కెప్టెన్ నమ్మకం. ఆ నమ్మకం ఒక్కటే బాస్తీద్ దగ్గరున్న ఆయుధం. "అయితే కాస్త గట్టి చేసుకోనివ్వండి, లేదంటే మీరే పడతారు" అని స్పానర్ అందుకున్నాడు. లోపలి పలక పట్టేవాడు లేడు. రెండు స్టీలు చేతులూ బిగించే సమయం లేదు. ఒక్కదానికే ఉంది. ఎడమ చేతి బోల్టులన్నీ తన బరువంతా వేసి బిగించాడు. మోకాలు కలుక్కుమంది. కుడి చేతిని ముట్టుకోలేదు.

మేడమ్ మెట్లు దిగి వస్తోంది. వెనకే కెప్టెన్, మోచేతి మీద తువ్వాలు, తువ్వాలు కింద ఉండకూడనిదేదో. ఆవిడకి సంగతి తెలుసని నడకలోనే తెలుస్తోంది. తలెత్తుకునే నడుస్తోంది, కానీ కళ్లద్దాలు తీసేసింది. చివరిసారి సముద్రాన్ని రంగుతో సహా చూసుకుందామన్నట్టు.

డింగీలోకి ఎక్కించడానికి బాస్తీద్ చెయ్యి అందించాడు. తల వంచి, పెదవి కదపకుండా అన్నాడు. "కుడి కొస పొడుగు చెవులవాడికి వదిలెయ్యండి."

ఆవిడ వేళ్లు వాడి అరచేతిలో ఒక్కసారి బిగుసుకున్నాయి.

"నేను ఎడమవైపు కూర్చుంటాను" అంది కెప్టెన్‌తో, గొంతులో పచ్చల పొగరంతా నింపుకుని. "ఎండ ముఖాన పడితే నాకు తలనొప్పి." కూర్చుంటూనే, ఊగుతుందేమోనని భయపడినట్టు, స్టీలు చేతిని కౌగిలించుకుంది.

కెప్టెన్ కుడి కొసన కూర్చున్నాడు. బాస్తీద్ రెండు మీటల మధ్య నిలబడ్డాడు. ఇద్దరి పని ఒక్కడి చేతుల్లో. రెండూ సమానంగా వదిలితే ఆవిడ పని అయిపోయినట్టే. డింగీ కొంచెం కిందికి దిగింది. ఎడమ చేతి మొదట్లో ఆరని సీలెంటు సన్నగా బయటికి ఉబికింది.

కెప్టెన్ తువ్వాలు తొలగించాడు. నీళ్లు తాకేదాకా కూడా ఆగదలచుకోలేదు.

బాస్తీద్ ఎడమ మీట బిగించి, కుడి మీట మొత్తంగా వదిలేశాడు.

డ్రమ్ము గిర్రున తిరిగింది. డింగీ కుడి కొస రాయిలా పడింది. కెప్టెన్, పిస్తోలు, టోపీ, మూడూ వేర్వేరు దారుల్లో నీళ్లలోకి వెళ్లాయి. పేలిన గుండు ఆల్బమార్ పేరులోని మొదటి అక్షరాన్ని తినేసింది. డింగీ నిలువునా వేలాడుతోంది. పైకొసన, ఎడమ స్టీలు చేతిని తన రెండు చేతులా చుట్టుకుని, సిల్కు రెపరెపలాడుతూ ఆవిడ వేలాడుతోంది. బోల్టులు కిర్రుమన్నాయి.  బాస్తీద్ తన తండ్రి పేరు తలుచుకున్నాడు. బోల్టులు నిలబడ్డాయి.

ఆవిణ్ణి నడుం పట్టి డెక్ మీదికి లాగేసరికి, గట్టుమీద టోనిన్ పొడవాటి కొక్కెం కర్రతో కెప్టెన్ కాలరు పట్టుకుని ఉన్నాడు. "చూశావా బావా, నోరు జారితే ఏమవుతుందో? నేను చెబుతూనే ఉన్నా" అంటున్నాడు. జరిగింది కాకతాళీయమేమీ కాదని, ఆ పేరెత్తినందుకు వచ్చిన ఫలితమేనని వాడి నిశ్చయం. ఎవరూ వాదించలేదు.

నేవీ మరపడవ వచ్చింది, కర్నల్ వచ్చాడు, సంకెళ్లు వచ్చాయి. చెవి ఎక్కడ దాచారో ఆవిడ చూపుడువేలితో చూపించింది, నీటి మీద తేలే రెండు బోయాల అవతల. అది సాయంత్రానికల్లా పైకొచ్చింది. కెప్టెన్ అసలు పుట్టింది సముద్రం లేని దేశంలోనని తర్వాత తేలింది.

ఆవిడ గట్టుమీద తాళ్ల చుట్ట మీద కూర్చుంది. భుజాల చుట్టూ టోనిన్ కోటు. పచ్చలు తీసి ఒళ్లో వేసుకుంది.  బాస్తీద్ పక్కనే కూర్చుని, సలుపుతున్న మోకాలు నిమురుకుంటూ, కర్నల్‌కి చెప్పడానికి పేరేమిటని అడిగాడు.

"ఏ పేరు?"

"పుట్టినప్పుడు పెట్టింది."

ఆవిడ నీళ్లకేసి చూసింది. 

"ఉండండి. చాలా ఏళ్లయింది బయటికి తీసి. తుప్పు పట్టినట్టుంది."

బాస్తీద్ ఓవరాల్ జేబులోంచి నూనె డబ్బా తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు.

"తొందరేం లేదు మేడమ్" అన్నాడు. "పట్టేసిన నట్టుని మొదటిసారే బలంగా తిప్పకూడదు."