అడగకుండా వేసిన బాణం

"దీపం పట్టుకున్న ఒక ఆడమనిషి బావి చుట్టూ తిరుగుతాండాది," అన్నాడు వేణుమాధవ్, గొంతు బాగా తగ్గించి. "ముఖం కనపడదు. చేతులు మాత్రం కనపడతాయి. ఎముకల మాదిరి వేళ్ళు. బావిలోకి వంగి ఏదో గొణుగుతాది. మళ్ళా తిరుగుతాది."

యమున మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. పక్కింటి మమత దుప్పటి అంచును గట్టిగా పట్టుకుంది.

బయట మధ్యాహ్నం నుంచి ముసురు. పెనుకొండ మీది కోట గోడలు మబ్బులో ఎప్పుడో మాయమైపోయాయి. సాయంత్రం కరెంటు కూడా పోయింది. మేడ మీది గదిలో ఛార్జింగ్ లైటు ఒక్కటే వెలుగుతోంది. ముగ్గురి నీడలూ గోడ మీద పెద్దవిగా కదులుతున్నాయి.

వేణుమాధవ్ యమున పెద్దమ్మ కొడుకు. హిందూపురంలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. దసరా సెలవులకు వస్తూ ఈ ఆట తెచ్చాడు. కాయలు జరిపే ఆట కాదిది. అతను కథ చెబుతాడు. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. తాము ఏం చేస్తారో చెప్పి, ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే అనుకున్నది జరుగుతుంది.

ఒక్కో పాత్రకు ఒక కార్డు ఉంటుంది. దాని మీద పేరు, ఆయుధం, బలం. కింద 'అలైన్‌మెంట్' అని ఒక గడి. ఆ పాత్ర మంచిదా, చెడ్డదా, రెండింటికీ మధ్యనా అన్నది ఆ గడిలో రాసుకోవాలి. మమత పాత్ర ఒక వైద్యురాలు. గడిలో 'మధ్య' అని రాసింది. యమున పాత్ర పేరు అగ్నిక. విల్లు పట్టిన వీరురాలు. గడిలో యమున స్కెచ్ పెన్నుతో 'చాలా మంచిది' అని రాసి, కింద గీత కూడా గీసింది.

"అగ్నికా, ఏం చేస్తావు?" అడిగాడు వేణుమాధవ్.

"బాణం వేస్తాను."

"ఎవురు, ఏంది అని అడగవా?"

"అడిగేదేముండాది వేణన్నా? ఆ చేతులు చూస్తే తెలీదా? అది చెడ్డది. నేను మంచిదాన్ని. వేస్తాను."

"ఉండు యమునా," అంది మమత. "బావిలో ఏముండాదో ముందు చూద్దాం."

అప్పటికే యమున పాచిక విసిరేసింది. పందొమ్మిది పడింది. "యస్!" అని అరిచింది.

వేణుమాధవ్ నవ్వలేదు. "బాణం తగిలింది. ఆమె పడిపోయింది. చేతిలో దీపం ఆరిపోయింది."

అంటూనే ఛార్జింగ్ లైటు ఆపేశాడు.

గదంతా చీకటి. చూరు నుంచి నీటి చుక్కలు పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"బావి లోపల నుంచి ఒక సన్నటి గొంతు," అన్నాడు అతను చీకట్లోంచి. "చిన్నపిల్ల గొంతు. 'అవ్వా... దీపం ఎందుకు ఆర్పేసినావు?' దాని వెనకాలే ఇంకో గొంతు. 'అవ్వా, అది మళ్ళా వస్తాండాది.'"

"లైటెయ్!" మమత కేక పెట్టింది. "లైటెయ్ వేణన్నా!"

లైటు వెలిగింది. వేణుమాధవ్ మెల్లగా మిగతాది చెప్పాడు. బావి అడుగున గుహ ఉంది. పిల్లలు అందులో చిక్కుకుపోయారు. వాళ్ళతోపాటు అక్కడ ఇంకొకటి కూడా ఉంది. అది వెలుతురుకు మాత్రమే భయపడుతుంది. అందుకే ఆమె దీపం పట్టుకొని తిరుగుతోంది. గొణిగేది మంత్రం కాదు. పిల్లలు భయపడకుండా వాళ్ళకు కథలు చెబుతోంది.

అతను పెన్ను యమున వైపు జరిపాడు. "అలైన్‌మెంట్ మార్చుకో."

"ఎందుకు? నా కార్డు మీద మంచిదని ఉండాది కదా! మంచిది చేసిన పని చెడ్డదెట్లయితాది?"

"ఆ మాట బావిలో ఉండే పిల్లోళ్ళకు చెప్పు."

"నాకు తెలీదు కదా! తెలిసింటే వేస్తానా?"

"తెలీదు, సరే. అడిగినావా?"

యమున కోపంగా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. మమత కూడా వచ్చి పక్కన నిలబడింది.

కింద సందులో మసక చీకటి. ఇంటి ముందు, ఆ సందులోనే ఉండే డ్రైవరు సంజీవప్ప మినీ లారీ ఆగి ఉంది. అవతల రెండు ఆటోలు ఉన్నాయి.

"ఈ పొద్దు ఆయమ్మ రాలేదే?" అంది మమత.

ఆయమ్మంటే కుళ్ళాయమ్మ. సందు చివరి ఇంట్లోకి ఈమధ్యే వచ్చింది. ఒక కన్ను తెల్లగా ఉంటుంది. రోజూ చీకటి పడే వేళకు కట్టె పట్టుకొని వచ్చేది. ఆగి ఉన్న ప్రతి బండినీ టక్ టక్ అని కొట్టేది. వంగి, కింద చీకట్లోకి చూస్తూ బొంగురు గొంతుతో పిలిచేది. "రారా చిన్నా... బయటికి రా... నీ కాళ్ళు జాగర్త..." ఆ టక్ టక్ వినపడితే చాలు, సందులో పిల్లలంతా ఇళ్ళలోకి పరుగెత్తేవాళ్ళు.

"ఇంక రాదు," అంది యమున. "పొద్దున సంజీవప్ప మామకు చెప్పినాను, ఆయమ్మ లారీ కింద దూరి డీజిలు దొంగతనం చేస్తాండాదని. ఆయన పోయి బాగా తిట్టినాడు. ఈ పక్కకు వస్తే పోలీసులకు చెప్తానన్నాడు."

"డీజిలు తీసేది నువ్వు చూసినావా?"

"చూసేదేముండాది? ఆయమ్మను చూస్తే తెలీ..."

యమున మాట మధ్యలో ఆగిపోయింది. వేణుమాధవ్ తలెత్తి చూశాడు.

అప్పుడే కింద నుంచి ఒక సన్నటి ఏడుపు వినపడింది.

యమున గిరుక్కున వెనక్కి తిరిగింది. "వేణన్నా, నువ్వేనా?"

"నేను కాదు," అన్నాడు వేణుమాధవ్. అతనూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

ఏడుపు మళ్ళీ వినిపించింది. ఈసారి స్పష్టంగా, లారీ కింద నుంచి.

ఇంతలో లారీ తలుపు దబ్బున మూసుకుంది. సంజీవప్ప బెంగళూరుకు లోడు తీసుకుపోయే వేళ అది. హెడ్‌లైట్లు వెలిగాయి. సందులోని తుంపర పచ్చగా మారింది. ఇంజన్ గుర్రుమంది.

రారా చిన్నా... బయటికి రా... నీ కాళ్ళు జాగర్త.

కుళ్ళాయమ్మ పిలుపు చెవుల్లో మోగింది. యమున మెట్ల మీదుగా పరుగెత్తింది. చెప్పులు కూడా వేసుకోలేదు. లారీ ముందుకు పోయి రెండు చేతులూ పైకెత్తింది.

"మామా! ఆపు! కింద ఏదో ఉండాది!"

ఇంజన్ ఆగింది. "ఏం పాపా, చచ్చేదానికా అడ్డమొస్తావు?" సంజీవప్ప అరుస్తూ కిందికి దూకాడు.

యమున బురదలో బోర్లా పడుకొని లారీ కిందికి చూసింది. అంతా నలుపు. ఆ నలుపులో పచ్చగా రెండు చుక్కలు మెరిశాయి. అవి కళ్ళు. కథలో బావి అడుగున ఉన్నది గుర్తొచ్చింది. అయినా చెయ్యి చాపింది. వేళ్ళకు చల్లగా, తడిగా ఏదో తగిలింది.

కుక్కపిల్ల! దాన్ని బయటికి లాగింది. చక్రానికి ఆనుకొని ఇంకోటి. దాని వెనక మరొకటి. మూడూ గజగజ వణుకుతున్నాయి.

సంజీవప్ప ఫోన్ టార్చి వేసి చూశాడు. "సరిగ్గా చక్రం కిందనే! రోజూ ఈడనే పండుకుంటాంటే, ఇన్నాళ్ళూ ఎట్ల బతికినాయి ఇవి?"

"కుళ్ళాయమ్మవ్వ పిలిచేది మామా," అంది యమున. "నువ్వు బండి తీసే ముందు రోజూ వచ్చి వీటిని బయటికి పిలుచుకుంటాండె."

"మరి డీజిలు?"

"నేను చూడలేదు. ఊరికే అట్లనుకొని చెప్పినాను."

సంజీవప్ప టార్చి కిందికి దించాడు. "నేనూ ఒక మాట అడగకపోతిని," అన్నాడు. "అందరి ముందరా ముసలామెను ఎన్ని మాటలంటి!" తర్వాత టార్చి పట్టుకొని, ఇంకా కుక్కపిల్లలేమైనా ఉన్నాయేమోనని లారీ చుట్టూ వెతకడం మొదలుపెట్టాడు.

మమత, వేణుమాధవ్ అప్పటికి కిందికి వచ్చారు. యమున మూడు పిల్లల్నీ గౌను అంచులో పెట్టుకుంది. "నేను ఆయమ్మ దగ్గరికి పోతాండా," అంది.

"మేమూ రావాల్నా?" అడిగింది మమత.

"వద్దు. చెప్పింది నేను కదా."

సందు చివరి ఇంట్లో దీపం లేదు. యమున తలుపు తట్టింది. లోపల టక్... టక్... కట్టె చప్పుడు దగ్గరికి వస్తోంది. యమున కాళ్ళు వెనక్కి పరుగెత్తమన్నాయి. ఆమె కదలలేదు. తలుపు కొంచెం తెరుచుకుంది. ఆ తలుపు సందులోంచి తెల్లటి కన్ను కనిపించింది.

"ఎవురు?"

"నేను యమునను. ఆంజనప్ప కూతుర్ని. సంజీవప్ప మామకు నీ మీద లేనిది చెప్పింది నేనే అవ్వా."

చాలాసేపటికి ఒక చెయ్యి బయటికి వచ్చింది. సన్నటి వేళ్ళు కుక్కపిల్లల తలలను ఒక్కొక్కటిగా తడిమాయి. చివరి తల మీద ఆగిపోయాయి.

"నాలుగోది యాడ?"

యమున లారీ వైపు తిరిగి చూసింది. లారీ కింద లేదు, తను బాగా చూసింది. ఎటో పోయుంటుంది, వచ్చేస్తుందిలే అనబోయింది. అనలేదు.

"నాకు తెలీదు అవ్వా. అది యాడ పండుకుంటాది? నువ్వే చెప్పు."

ముసలామె తలుపు పూర్తిగా తెరిచింది. "అది నల్లది. చీకట్లో కనపడదు. ఆటోల కింద దూరుతాది. పిలిస్తేనే వస్తాది."

"ఎట్ల పిలవాల?"

"రా. చూపిస్తా. ఈ కట్టె పట్టుకో, ఆడ జారుతాది."

పిల్లల్ని గోనెసంచి మీద పడుకోబెట్టి ఇద్దరూ బయటికి నడిచారు. మొదటి ఆటో దగ్గర యమున మోకాళ్ళ మీద కూర్చుంది. కట్టెతో టక్ టక్ అని కొట్టి, పిలిచింది. గొంతు బొంగురుగా వచ్చింది.

"రారా చిన్నా... బయటికి రా..."

పై ఇంట్లో ఎవరో పిల్లవాడు గబుక్కున కిటికీ మూసేశాడు. యమున తలెత్తలేదు. రెండో ఆటో దగ్గరికి జరిగి, ఇంకా కిందికి వంగి, మళ్ళీ పిలిచింది. చీకట్లో చిన్నగా ఏదో కదిలింది. చల్లటి ముక్కు ఒకటి ఆమె అరచేతిని వెతుక్కుంటూ వచ్చింది.